చిత్తు మెమరీలో, ఖాతా డిస్కులో: ఎస్‌క్యూలైట్‌లో రెండు రకాల డేటాబేసులను కలిపి వాడే విధానం

ఊళ్లో పాల సేకరణ కేంద్రంలో రైతు తన పాలను కాటా మీద పెట్టగానే ఆ కాటా కంప్యూటరుకు సెకనుకు పలుమార్లు బరువు పంపుతూనే ఉంటుంది. ఆ అంకెల్లో చాలావరకు పాత్ర ఇంకా ఊగుతుండగా వచ్చినవే. చివరికి నిలకడగా నిలిచిన బరువు, పక్కనున్న యంత్రం చూపిన వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం), వాటిని బట్టి లెక్కకట్టిన సొమ్ము మాత్రమే రైతు చేతికిచ్చే చీటీలో ఉంటాయి. మొదటి రకం అంకెలు ఒక్క గంట గడిస్తే ఎవరికీ అక్కర్లేదు. రెండో రకంలో ఒక్క వరుస గల్లంతైనా బిల్లు ఇచ్చే రోజున తగాదా తప్పదు. ఈ రెండింటినీ ఒకే ప్రోగ్రాములో, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు తెరిచిన ఒకే కనెక్షన్ కింద, ఒకటి మెమరీలోను మరొకటి డిస్కులోను ఉంచి నడపడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది. పాల కేంద్రం ఉదాహరణ మాత్రమే. సెన్సార్లు, బార్‌కోడ్ రీడర్లు, టికెట్ యంత్రాలు వంటి వేటికైనా ఇదే పద్ధతి సరిపోతుంది.

ఎస్‌క్యూలైట్‌ను డి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేశారు. దీనికి వేరే సర్వర్ ఉండదు. మన ప్రోగ్రాములోనే ఒక లైబ్రరీగా కలిసిపోయి నేరుగా ఫైలుతో పనిచేస్తుంది. కాబట్టి మెమరీలోని డేటాబేస్ అంటే మన ప్రోగ్రాము వాడుకుంటున్న మెమరీలోనే ఉన్న డేటాబేస్ అని అర్థం. ప్రోగ్రాము ఆగిపోతే అదీ పోతుంది.

రాత గురించి ఒక మాట. కింద కమాండులను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇచ్చాను. సెలెక్ట్, ఇన్సర్ట్ వంటి కమాండు పదాలను, మెయిన్, మెమరీ వంటి ఎస్‌క్యూలైట్ సొంత పేర్లను, ఫంక్షన్ల పేర్లను, ఫైలు చిరునామాల్లోని సెట్టింగులను మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. టేబుళ్ల, కాలమ్‌ల పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు, ఎస్‌క్యూలైట్ వాటిని అభ్యంతరం లేకుండా స్వీకరిస్తుంది. అయితే అది పేర్లను బైటుకు బైటుగా పోల్చి చూస్తుంది. "ఎస్‌ఎన్‌ఎఫ్" అనే పేరులో పొల్లు తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. టేబుల్ సృష్టించేటప్పుడు దానితోను, క్వెరీలో అది లేకుండాను రాస్తే అలాంటి కాలమ్ లేదన్న సమాధానం వస్తుంది. ఒక పూటంతా దీని వెనక తిరిగిన అనుభవంతో చెబుతున్నాను: పేర్లలో ఆ గుర్తు అవసరం రాని పదాలనే ఎంచుకోండి. అందుకే కింద ఆ కాలమ్‌కు "ఘనాలు" అని పేరు పెట్టాను.

ముందుగా: ఇది మీకు నిజంగా అవసరమా?

మెమరీ డేటాబేస్ అనగానే చదవడం వేగవంతమవుతుందని చాలామంది ఆశిస్తారు. ఆ లాభం సాధారణంగా స్వల్పమే. ఎస్‌క్యూలైట్ డిస్కు నుంచి ఒకసారి చదివిన పేజీలను తన క్యాష్‌లో అట్టిపెట్టుకుంటుంది. ఆ క్యాష్‌కు మామూలు పరిమితి సుమారు 2 మెగాబైట్లు. కావాలంటే "ప్రాగ్మా క్యాష్_సైజ్" అనే కమాండుతో పెంచుకోవచ్చు. దాని వెనుక ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ ఎలాగూ ఉంది. వెన్న 5.0 నుంచి 10.0 వరకు పదో వంతు చొప్పున 51 మెట్లు, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.0 నుంచి 9.5 వరకు 16 మెట్లు ఉన్న రేట్ల పట్టికలో మొత్తం 816 వరుసలే ఉంటాయి; అంత చిన్న పట్టిక మొదటి రైతు వచ్చి వెళ్లేసరికే క్యాష్‌లో కూర్చుంటుంది. దాన్ని పనిగట్టుకుని మెమరీ డేటాబేసులోకి ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు లాభం రాయడంలో ఉంది. డిస్కు మీది డేటాబేసులో ప్రతి కామిట్ (మార్పులను ఖాయం చేసే కమాండు) దగ్గరా, రాసినది నిజంగా డిస్కు పళ్లెం మీదకో చిప్పులోకో చేరిందని ఆపరేటింగ్ సిస్టమ్ ధ్రువీకరించేదాకా ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పాతకాలపు హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక ట్రాన్సాక్షన్‌కు (కలిపి ఖాయం చేసే మార్పుల కట్టకు) రెండు చుట్లు పడితే సెకనుకు సుమారు 60 ట్రాన్సాక్షన్లకు మించి కుదరవు. ఎస్‌ఎస్‌డీలో ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది కానీ సున్నా కాదు. చవకరకం మెమరీ కార్డు మీద నడిచే చిన్న బోర్డులలోనైతే వేగంతో పాటు కార్డు ఆయుష్షు గురించి కూడా ఆలోచించాలి. మెమరీ డేటాబేసుకు ఈ నిరీక్షణ లేదు.

అందువల్ల ముందు తేలిక మార్గాలను ప్రయత్నించండి. వంద ఇన్సర్టులను వంద కామిట్‌లుగా కాక ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి చూడండి. "ప్రాగ్మా జర్నల్_మోడ్ = వాల్" పెట్టి చూడండి; చదివేవారు రాసేవారిని, రాసేవారు చదివేవారిని అడ్డుకోని పద్ధతి అది. కొద్దిపాటి తాత్కాలిక సమాచారమే అయితే "క్రియేట్ టెంప్ టేబుల్" చాలు; ప్రతి కనెక్షన్‌కూ టెంప్ అనే సొంత డేటాబేస్ ఎలాగూ ఉంటుంది, "ప్రాగ్మా టెంప్_స్టోర్ = 2" అంటే అది మెమరీలోనే ఉంటుంది. ఆ సెట్టింగును కనెక్షన్ తెరిచిన వెంటనే పెట్టాలి, ఎందుకంటే మధ్యలో మార్చిన క్షణంలోనే అప్పటిదాకా ఉన్న టెంప్ టేబుళ్లన్నీ తొలగిపోతాయి. వీటితో పని జరిగిపోతే ఈ వ్యాసాన్ని ఇక్కడితో ఆపేయవచ్చు. తాత్కాలిక భాగానికి సొంత పేరు, సొంత పరిమితి, విడిగా నకలు తీసుకునే వీలు కావాలనుకున్నప్పుడే తరువాతి అడుగులు అవసరమవుతాయి.

మొదటి అడుగు: ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం

వెనకటి దుకాణాల్లో రోజంతా చిత్తు కాగితం మీద గీకిన అంకెలను రాత్రి ఖాతా పుస్తకంలోకి ఎక్కించేవారు. మనం చేసేదీ అదే కాబట్టి మెమరీ డేటాబేసుకు "చిత్తు" అనే పేరే పెడుతున్నాను. ప్రతి టేబుల్ దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ క్షణంలో కరెంటు పోతే ఈ వరుసను మళ్లీ ఎక్కడి నుంచి తెచ్చుకోగలను? అసలు తెచ్చుకోనక్కర్లేదు అన్న జవాబు వస్తే అది చిత్తులోకి వెళ్తుంది. కాటా పంపే తూకాలు అలాంటివి. డిస్కు నుంచి మళ్లీ లెక్కకట్టవచ్చు అంటే అదీ చిత్తులోకే. ఒక్కో సభ్యుడి గత పది రోజుల సగటు అలాంటిది, తేడాగా వచ్చిన కొలతను వెంటనే పట్టుకోవడానికి పనికొస్తుంది. ఎక్కడి నుంచీ తేలేను అంటే అది డిస్కులో మాత్రమే ఉండాలి. చీటీ అచ్చయి రైతు చేతికి వెళ్లిందంటే అది ఆ పాటికే డిస్కులో చేరి ఉండాలి. చీటీలను కూడా చిత్తులో పోగేసి పూట చివర ఒక్కసారిగా డిస్కుకు ఎక్కిద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. దానికి నేను పూర్తిగా వ్యతిరేకిని. రైతుకూ రైతుకూ మధ్య అర నిమిషం వ్యవధి ఉంటుంది, ఎంత నెమ్మదైన డిస్కుకైనా అది చాలు.

రెండో అడుగు: డిస్కు ఫైలును మెయిన్‌గా తెరిచి, మెమరీని దానికి జతచేయడం

కనెక్షన్ తెరిచేటప్పుడు ఇచ్చిన ఫైలు "మెయిన్" అవుతుంది. తరువాత అటాచ్ కమాండుతో జతచేసినవి మనం పెట్టిన పేర్లతో ఉంటాయి. మామూలుగా 10 డేటాబేసుల వరకు జతచేయవచ్చు. లైబ్రరీని మనమే కంపైల్ చేసుకుంటే ఆ పరిమితిని 125 దాకా పెంచుకోవచ్చు. మనకు కావలసింది ఒక్కటే:

అటాచ్ డేటాబేస్ ':మెమరీ:' యాజ్ చిత్తు;

మెమరీ అనే పదానికి రెండు వైపులా ఉన్న కోలన్లను మరవకూడదు. అవి లేకుండా రాస్తే ఎస్‌క్యూలైట్ పొరపాటు చూపదు. ఆ పేరుతో డిస్కు మీద ఒక ఫైలు సృష్టించి పని మొదలుపెడుతుంది. అన్నీ సవ్యంగానే నడుస్తాయి, వేగం మాత్రం పెరగదు. తెరవగానే "ప్రాగ్మా డేటాబేస్_లిస్ట్" నడిపి చూడడం అలవాటు చేసుకోండి. మెయిన్ ఎదురుగా ఫైలు పూర్తి దారి, చిత్తు ఎదురుగా ఖాళీ కనిపించాలి. అసలు ఫైలు పేరు తప్పు పడితే కూడా ఇదే తంతు: లేని ఫైలును కొత్తగా సృష్టించి ఖాళీ డేటాబేసును చేతిలో పెడుతుంది. దీన్ని ఆపాలంటే ఫైలు పేరును యూఆర్ఐ రూపంలో, అంటే "ఫైల్:" అని మొదలయ్యే చిరునామాగా ఇచ్చి, చివర మోడ్ = ఆర్‌డబ్ల్యూ అని చేర్చాలి; అప్పుడు ఫైలు లేకపోతే పొరపాటు వస్తుంది. యూఆర్ఐ సౌకర్యాన్ని కనెక్షన్ తెరిచేటప్పుడే ఆన్ చేయాలి, పైథాన్‌లోనైతే కనెక్ట్ ఫంక్షన్‌కు యూఆర్ఐ = ట్రూ అని ఇవ్వాలి. ఆన్ చేయకపోతే ఆ పొడవాటి చిరునామా మొత్తాన్ని ఫైలు పేరుగా భావించే ప్రమాదముంది.

వరుసను తిరగేసి మెమరీని మెయిన్‌గా తెరిచి డిస్కును జతచేయవచ్చు కదా అని అడగవచ్చు. సాంకేతికంగా చేయవచ్చు. నేనూ మొదట్లో అలాగే చేశాను. కొన్నాళ్లకు ఆ కేంద్రంవారు సభ్యులకిచ్చే దాణా అప్పుల వివరాలు కూడా కావాలన్నారు. కొత్త టేబుల్ సృష్టించే కమాండులో ముందు డేటాబేస్ పేరు రాయడం మరిచిపోయాను. పేరు రాయకపోతే కొత్త టేబుల్ మెయిన్‌లోనే తయారవుతుంది, ఆ మెయిన్ మెమరీలో ఉంది. ఆ రోజంతా దాణా బస్తాల లెక్కలు చక్కగా ఎక్కాయి, తెర మీద కనిపించాయి, మొత్తాలు కూడా సరిపోయాయి. సాయంత్రం కంప్యూటరు కట్టేశారు. మర్నాడు ఉదయం టేబులే లేదు. కాగితం మీద రాసుకున్న నకలు ఉండబట్టి గట్టెక్కాము. డిస్కు మెయిన్‌గా ఉంటే ఇదే మతిమరుపు వల్ల జరిగే నష్టం, చిత్తులో ఉండాల్సింది డిస్కులో చేరడం మాత్రమే. పొరపాటు ఎలాగూ జరుగుతుంది కాబట్టి, జరిగినా నష్టం లేని వైపుకు ఒరిగేలా అమర్చుకోవాలి.

మూడో అడుగు: టేబుళ్లను వాటి చోట్లలో సృష్టించడం

ప్రతి చోటా డేటాబేస్ పేరును ముందు చేర్చి రాయండి.

క్రియేట్ టేబుల్ చిత్తు.తూకాలు (సంఖ్య ఇంటీజర్ ప్రైమరీ కీ, వరుస ఇంటీజర్ నాట్ నల్, గ్రాములు ఇంటీజర్ నాట్ నల్, నిలకడ ఇంటీజర్ నాట్ నల్);

క్రియేట్ టేబుల్ చిత్తు.సగటులు (సభ్యుడు ఇంటీజర్, పూట టెక్స్ట్, గ్రాములు రియల్, వెన్న రియల్, ప్రైమరీ కీ (సభ్యుడు, పూట));

మెయిన్‌లోని చీటీల టేబుల్లో తేదీ, పూట, వరుస, సభ్యుడు, గ్రాములు, వెన్న, ఘనాలు, పైసలు అనే కాలమ్‌లు ఉంటాయనుకుందాము. ఇక్కడ వరుస అంటే ఆ పూటలో రైతు వచ్చిన క్రమ సంఖ్య. తేదీ, పూట, వరుస అనే మూడూ కలిపి యూనిక్‌గా ఉండాలి, అంటే అదే కలయిక రెండోసారి రాకూడదు. ఎందుకో ఐదో అడుగులో తెలుస్తుంది. సొమ్మును దశాంశాల్లో కాక పైసల్లో పూర్ణసంఖ్యగా దాచడం మేలు.

ఇండెక్స్ (వెతుకులాటను వేగవంతం చేసే సూచిక) సృష్టించేటప్పుడు ఒక తిరకాసు ఉంది. డేటాబేస్ పేరును ఇండెక్స్ పేరుకు ముందు పెట్టాలి, టేబుల్ పేరుకు ముందు కాదు: "క్రియేట్ ఇండెక్స్ చిత్తు.తూకాల_వరుస ఆన్ తూకాలు (వరుస)". ఇండెక్స్ ఎప్పుడూ తన టేబుల్ ఉన్న డేటాబేసులోనే ఉండాలి కాబట్టి టేబుల్ పేరు ముందు మళ్లీ రాయడానికి వీలు లేదు, రాస్తే వాక్య నిర్మాణంలోనే పొరపాటు చూపుతుంది.

డిస్కులోని టేబుల్‌ను మెమరీలోకి తేవడానికి "క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్" వాడడం చాలామందికి అలవాటు. వరుసలు వస్తాయి; ప్రైమరీ కీ, నాట్ నల్, యూనిక్ వంటి నియమాలు, డిఫాల్ట్ విలువలు, ఇండెక్సులు ఏవీ రావు. నియమాలు పోయిన నకలు మీద వెతుకులాట ఒక్కోసారి డిస్కులోని అసలు టేబుల్ కన్నా నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని చూసి మెమరీ డేటాబేస్ పనికిరాదని తీర్మానించినవారు ఉన్నారు. పైన చూపినట్టు ముందు టేబుల్‌ను నియమాలతో సహా సృష్టించి, తరువాత వరుసలు నింపండి.

నాలుగో అడుగు: పూట మొదట్లో చిత్తును నింపడం

ఇన్సర్ట్ ఇంటు చిత్తు.సగటులు
సెలెక్ట్ సభ్యుడు, పూట, ఏవీజీ(గ్రాములు), ఏవీజీ(వెన్న)
ఫ్రమ్ మెయిన్.చీటీలు
వేర్ తేదీ >= డేట్('నౌ', 'లోకల్‌టైమ్', '-10 డేస్')
గ్రూప్ బై సభ్యుడు, పూట;

ఇందులో లోకల్‌టైమ్ అన్న మాటను వదిలేయకండి. ఎస్‌క్యూలైట్‌కు "నౌ" అంటే యూటీసీ సమయం. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. పాల కేంద్రం తెల్లవారుజామున 5 గంటలకు తెరిస్తే అప్పటికి యూటీసీలో ఇంకా ముందు రోజు రాత్రి 11.30 గంటలే. చీటీ తేదీని కూడా లోకల్‌టైమ్ లేకుండా రాస్తే ఐదున్నరకు ముందు పాలు పోసినవారంతా నిన్నటి లెక్కలోకి వెళ్లిపోతారు.

ఒకటి రెండు టేబుళ్లకు ఈ పద్ధతి చాలు. డిస్కు డేటాబేస్ మొత్తాన్ని మెమరీలోకి ఎత్తాలంటే బ్యాకప్ ఏపీఐ ఉంది. పేజీలను యథాతథంగా నకలు చేస్తుంది కాబట్టి నియమాలు, ఇండెక్సులు సహా అన్నీ వస్తాయి. పైథాన్‌లో ఇది 3.7 వెర్షన్ నుంచి కనెక్షన్ మీది బ్యాకప్ మెథడ్‌గా లభిస్తుంది. లక్ష్యంగా ఉన్న మెమరీ డేటాబేసులో పాత సమాచారం ఏదైనా ఉంటే అది చెరిగిపోతుంది. రెండింటి పేజీ పరిమాణాలు వేరైతే రీడ్‌ఓన్లీ అనే పొరపాటు రావచ్చు. 2016లో వచ్చిన 3.12.0 వెర్షన్ నుంచి సాధారణ పరిమాణం 4096 బైట్లు, అంతకుముందు 1024. పాత కంప్యూటరు నుంచి తెచ్చుకున్న ఫైళ్లతోనే ఈ ఇబ్బంది ఎదురవుతుంది.

ఐదో అడుగు: చిత్తు నుంచి ఖాతాకు ఎక్కించడం

మొత్తం పనికి కీలకం ఇదే. పాలు పోసిన 41వ రైతు తూకం నిలకడకు వచ్చింది, ఆపరేటర్ మీట నొక్కాడు అనుకోండి. అప్పుడు ఈ నాలుగు కమాండులు ఒకదాని వెంట ఒకటి నడవాలి (?1, ?2 వంటి చోట్ల ప్రోగ్రాము విలువలు నింపుతుంది):

బిగిన్ ఇమీడియట్;

ఇన్సర్ట్ ఇంటు మెయిన్.చీటీలు (తేదీ, పూట, వరుస, సభ్యుడు, గ్రాములు, వెన్న, ఘనాలు, పైసలు)
సెలెక్ట్ ?1, ?2, 41, ?3, రౌండ్(ఏవీజీ(గ్రాములు)), ?4, ?5, ?6
ఫ్రమ్ చిత్తు.తూకాలు
వేర్ వరుస = 41 అండ్ నిలకడ = 1
హ్యావింగ్ కౌంట్(*) > 0;

డిలీట్ ఫ్రమ్ చిత్తు.తూకాలు వేర్ వరుస = 41;

కామిట్;

బిగిన్ తరువాత ఇమీడియట్ అని రాయడం వల్ల రాసే హక్కు ట్రాన్సాక్షన్ మొదట్లోనే దొరుకుతుంది. లేదంటే సగం పని అయ్యాక ఇంకో ప్రోగ్రాము ఫైలును పట్టుకుని ఉందని తెలిసి వెనక్కి రావలసి ఉంటుంది. దీనితో పాటు "ప్రాగ్మా బిజీ_టైమ్‌అవుట్ = 5000" పెడితే ఐదు సెకన్ల వరకు ఓపిక పడుతుంది. హ్యావింగ్ షరతు లేకపోతే నిలకడైన తూకం ఒక్కటీ లేనప్పుడు కూడా సగటు ఫంక్షన్ నల్‌తో (ఖాళీ విలువతో) ఒక వరుసను ఇస్తుంది. టేబుల్లో నాట్ నల్ నియమం కూడా మరిచిపోయి ఉంటే బరువు లేని చీటీ ఒకటి పుడుతుంది. ఇన్సర్ట్ తరువాత మారిన వరుసల సంఖ్య ఒకటేనా అని ప్రోగ్రాములో చూసుకుని, కాకపోతే రోల్‌బ్యాక్ చేయండి, అంటే ట్రాన్సాక్షన్ మొత్తాన్ని రద్దు చేయండి.

రోల్‌బ్యాక్ అంటే చిత్తులో తొలగించిన తూకాలు కూడా వెనక్కి రావాలి. వస్తాయి, ఎందుకంటే మెమరీ డేటాబేసుకూ మెమరీలోనే ఒక జర్నల్ (మార్పులను వెనక్కి తిప్పడానికి ఉంచుకునే చిట్టా) ఉంటుంది. వేగం కోసమని "ప్రాగ్మా చిత్తు.జర్నల్_మోడ్ = ఆఫ్" పెట్టమనే సలహాలు కనిపిస్తుంటాయి; అలా పెడితే రోల్‌బ్యాక్ తరువాత చిత్తు ఏ స్థితిలో ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మెమరీ డేటాబేసుకు మెమరీ, ఆఫ్ అనే రెండు మోడ్‌లే ఉన్నాయి, మొదటిదాన్ని కదిలించకండి.

కరెంటు సరిగ్గా కామిట్ మధ్యలో పోతే? డిస్కులో ఆ చీటీ పూర్తిగా ఉంటుంది లేదా అసలు ఉండదు. చిత్తు మొత్తం పోతుంది. కరెంటు వచ్చాక చీటీ ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ తూయాలి. ఉన్నదీ లేనిదీ తెలియక ఆపరేటర్ మళ్లీ మీట నొక్కితే రెండో చీటీ పుట్టకుండా కాపాడేది మూడో అడుగులో పెట్టిన యూనిక్ నియమం. ఆ సందర్భంలో పొరపాటు చూపకుండా ఊరుకోవాలంటే ఇన్సర్ట్ చివర "ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్" చేర్చవచ్చు, 2018లో వచ్చిన 3.24.0 వెర్షన్ నుంచి ఇది ఉంది. ఇన్సర్ట్‌లో సెలెక్ట్ వాడుతూ దీన్ని చేర్చినప్పుడు ఆ సెలెక్ట్‌కు వేర్ షరతు తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి, ఏమీ లేకపోతే "వేర్ ట్రూ" అనైనా రాయండి; లేదంటే ఆన్ అనే మాటను ఎస్‌క్యూలైట్ జాయిన్‌కు సంబంధించినదిగా పొరబడుతుంది. మన ఉదాహరణలో షరతు ముందే ఉంది. నా మట్టుకు నేను డబ్బు లెక్కల్లో డూ నథింగ్ వాడను. పొరపాటు తెర మీద కనిపించి, ఆపరేటర్ పాత చీటీని చూసుకోవడమే మంచిది.

కరెంటు ఉండగానే డిస్కు నిండిపోతే కథ వేరు. అలాంటి కొన్ని పొరపాట్లలో ఎస్‌క్యూలైట్ తనంతట తానే ట్రాన్సాక్షన్‌ను రోల్‌బ్యాక్ చేస్తుంది, కొన్నింటిలో చేయదు. ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచి ఉందా అని అడిగి తెలుసుకున్న తరువాతే మిగతా పని చేయాలి. పైథాన్ కనెక్షన్‌లో ఇన్_ట్రాన్సాక్షన్ అనే గుణం ఇది చెబుతుంది.

ఆరో అడుగు: రెండింటినీ కలిపి చదవడం

ఒకే క్వెరీలో మెయిన్.చీటీలను చిత్తు.సగటులతో జాయిన్ చేయడానికి ఏ అడ్డంకీ లేదు. దాన్ని వ్యూగా, అంటే పేరు పెట్టిన క్వెరీగా దాచుకోవాలంటే మాత్రం "క్రియేట్ టెంప్ వ్యూ" అనే రాయాలి, ఎందుకంటే మెయిన్‌లో శాశ్వతంగా ఉండే వ్యూ మరో డేటాబేసులోని టేబుల్ పేరెత్తడానికి వీలు లేదు. ట్రిగ్గర్లకూ (టేబుల్ మారినప్పుడు వాటంతటవే నడిచే కమాండులకు) ఇదే నియమం. టెంప్ ట్రిగ్గర్ లోపల ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ చేసే టేబుల్ పేరు ముందు డేటాబేస్ పేరు రాయనివ్వదు. పేరు ఒక్కటే ఇస్తే ముందు టెంప్‌లో, తరువాత మెయిన్‌లో, ఆ తరువాత జతచేసిన వరుసలో వెతుకుతుంది. అందుకే రెండు డేటాబేసుల్లో ఒకే పేరు గల టేబుళ్లు పెట్టుకోకూడదు. ఫారిన్ కీ నియమాలు (ఒక టేబుల్లోని విలువ మరో టేబుల్లో ఉండాలనే నియమాలు) డేటాబేస్ గడప దాటవు. చిత్తులోని సభ్యుడి సంఖ్య మెయిన్‌లో ఉందో లేదో మన ప్రోగ్రామే చూసుకోవాలి.

ఏడో అడుగు: డిస్కు ఫైళ్లు రెండైతే

నెలకో ఫైలు చొప్పున పాత చీటీలను వేరు చేసి దాచుకునేవారికి ఈ అడుగు. ఒకే ట్రాన్సాక్షన్‌లో మెయిన్ నుంచి తీసి పాత నెల ఫైలులో పెడుతుంటే, ఆ రెండు డిస్కు ఫైళ్లూ కలిసి మారాలి లేదా కలిసి మారకుండా ఉండాలి. మెయిన్ డిస్కు మీద ఉండి, జర్నల్ మోడ్ మామూలుగా ఉండే డిలీట్ అయితే ఎస్‌క్యూలైట్ రెండు ఫైళ్లకూ ఉమ్మడిగా ఒక సూపర్ జర్నల్ రాసి ఈ హామీ ఇస్తుంది. మెయిన్ మెమరీలో ఉన్నా, వాల్ మోడ్ వాడుతున్నా ఆ హామీ ఫైలుకు ఫైలుగానే ఉంటుంది: కామిట్ మధ్యలో కంప్యూటరు ఆగితే ఒక ఫైలు మారి రెండోది మారకపోవచ్చు. ఒక్క డిస్కు ఫైలు, ఒక్క చిత్తు మాత్రమే ఉన్నప్పుడు ఈ భయం లేదు; కంప్యూటరు ఆగితే చిత్తు ఎలాగూ మిగలదు. నెల మార్పిడి పనిని వాల్ మోడ్‌లోనే చేయక తప్పకపోతే, ముందు పాత ఫైలులో చేర్చి కామిట్ చేసి, చేరినవి లెక్క చూసుకుని, ఆ తరువాత వేరే ట్రాన్సాక్షన్‌లో మెయిన్ నుంచి తొలగించండి. మధ్యలో ఆగినా వరుసలు రెండు చోట్లా ఉంటాయే తప్ప పోవు.

వాల్ మోడ్‌లో "ప్రాగ్మా సింక్రనస్ = నార్మల్" పెడితే కామిట్‌లు వేగవంతమవుతాయి, ఫైలు చెడిపోదు; కానీ కరెంటు పోయినప్పుడు చివరి కొన్ని ట్రాన్సాక్షన్లు వెనక్కి పోవచ్చు. చీటీ చేతికిచ్చాక వెనక్కి పోవడానికి లేదు కనుక మన పనికి ఫుల్ ఉండాలి.

ఎనిమిదో అడుగు: ఒకటికన్నా ఎక్కువ కనెక్షన్లు

కోలన్ల మధ్య మెమరీ అని ప్రతి కనెక్షన్ విడివిడిగా అడిగితే ప్రతిదానికీ విడి డేటాబేస్ దొరుకుతుంది. కాటాను చదివే థ్రెడ్ (ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే భాగం) ఒక కనెక్షన్‌తో రాసి, తెరను నడిపే థ్రెడ్ ఇంకో కనెక్షన్‌తో చదివితే రెండోదానికి ఏమీ కనిపించదు. 2021లో వచ్చిన 3.36.0 వెర్షన్ నుంచి ఒకే ప్రాసెస్‌లోని కనెక్షన్లు "ఫైల్:/చిత్తు?వీఎఫ్ఎస్=మెమ్‌డీబీ" అనే చిరునామాతో ఒకే మెమరీ డేటాబేసును పంచుకోవచ్చు; పేరు ముందు ఆ గీత ఉండాలి, లేకపోతే మళ్లీ ఎవరిది వారిదే. అంతకుముందు వెర్షన్లలో షేర్డ్ క్యాష్ పద్ధతి ఉంది కానీ దాన్ని వాడవద్దని ఎస్‌క్యూలైట్ రూపకర్తలే చెబుతారు. అందులో టేబుల్ తాళం దగ్గర ఆగిపోతే బిజీ టైమ్‌అవుట్ పనిచేయదు, వెంటనే లాక్డ్ అని వస్తుంది. ఏ పద్ధతిలోనైనా చివరి కనెక్షన్ మూసిన క్షణంలో మెమరీ డేటాబేస్ మాయమవుతుంది. వాడని కనెక్షన్లను మూసేసే కనెక్షన్ పూల్ ఉంటే మనకు తెలియకుండానే ఇది జరుగుతుంది కాబట్టి, ప్రోగ్రాము నడిచినంతసేపు ఒక కనెక్షన్‌ను ఊరికే తెరిచి ఉంచాలి. నిజానికి ఇంత చిన్న పనికి ఒకే కనెక్షన్, దానిలో రాసే ఒకే థ్రెడ్, మిగతా థ్రెడ్లు దానికి క్యూ ద్వారా పని అప్పగించడం చాలు.

తొమ్మిదో అడుగు: పరిమితి, నకలు

కాటా చెడిపోయి రాత్రంతా అంకెలు పంపితే చిత్తు పెరిగిపోయి కంప్యూటరు మెమరీ మొత్తం మింగేస్తుంది. "ప్రాగ్మా చిత్తు.మాక్స్_పేజ్_కౌంట్ = 16384" అంటే 4096 బైట్ల పేజీల లెక్కన 64 మెగాబైట్ల దగ్గర ఆగి, నిండిపోయిందన్న పొరపాటు వస్తుంది. వరుసలు తొలగించినప్పుడు ఖాళీ అయిన పేజీలు తిరిగి వాడకానికి ఉంటాయి తప్ప చిత్తు దానంతటది చిక్కిపోదు. పూట ముగిశాక డిటాచ్ చేసి కొత్తగా అటాచ్ చేయడం శుభ్రమైన దారి.

తూకంలో తేడా వచ్చిందని రైతు నిలదీసినప్పుడు, అప్పటి చిత్తును యథాతథంగా ఫైలుగా దాచి తరువాత పరిశీలించాలనిపిస్తుంది. 2019 నాటి 3.27.0 వెర్షన్ నుంచి దీనికి ఒక్క కమాండు చాలు: "వాక్యూమ్ చిత్తు ఇంటు" అని రాసి కొత్త ఫైలు పేరు ఇవ్వడమే. ఆ పేరుతో ముందే సమాచారం ఉన్న ఫైలు ఉంటే ఒప్పుకోదు కాబట్టి పేరులో సమయం చేర్చండి. రాస్తుండగా కరెంటు పోతే ఆ నకలు అసంపూర్తిగా మిగలవచ్చు. తాత్కాలిక పేరుతో రాయించి, అయ్యాక అసలు పేరుకు మార్చుకుంటే సగం రాసిన ఫైలును చూసి మోసపోము.

పదో అడుగు: ప్లగ్ పీకి చూడడం

ప్రోగ్రామును మధ్యలో చంపేసి పరీక్షించడం అందరూ చేస్తారు. అది అవసరమే కానీ చాలదు, ఎందుకంటే ప్రాసెస్ చచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంటుంది, దాని క్యాష్‌లో ఉన్నది కాసేపటికి డిస్కు చేరుతుంది. సింక్రనస్ సెట్టింగు తప్పుగా ఉన్నా ఆ పరీక్షలో నెగ్గేస్తాము. అందుకని కేంద్రంలో పెట్టబోయే అదే కంప్యూటరులో, అదే డిస్కు మీద, యూపీఎస్ తీసేసి, బ్యాటరీ ఉన్నదైతే దాన్నీ తీసి, ఉత్తుత్తి చీటీలను వరుసగా ఎక్కిస్తూ, ప్రతి కామిట్ తరువాత వరుస సంఖ్యను వేరే కంప్యూటరుకు నెట్‌వర్క్ మీద పంపే ఏర్పాటు చేసి, మధ్యలో గోడ దగ్గర ప్లగ్ పీకండి. మళ్లీ ఆన్ చేసి "ప్రాగ్మా ఇంటెగ్రిటీ_చెక్" నడిపితే ఓకే అన్న ఒక్క మాటే రావాలి. ఆ తరువాత మెయిన్.చీటీలలో ఉన్న చివరి వరుస సంఖ్యను, రెండో కంప్యూటరుకు చేరిన చివరి సంఖ్యను పక్కపక్కన పెట్టి చూడండి. డిస్కులో ఒకటి ఎక్కువ ఉండవచ్చు, కామిట్ అయి కబురు బయల్దేరేలోపు కరెంటు పోయి ఉంటుంది. ఒక్కటి తక్కువ ఉన్నా సెట్టింగుల్లోనో, డిస్కులోనో లోపం ఉన్నట్టే. కొన్ని చవక డిస్కులు, మెమరీ కార్డులు రాయకముందే రాశామని చెబుతాయి, అలాంటిదాన్ని మార్చడం తప్ప ఏ ప్రాగ్మాతోనూ దారికి తేలేము. ఈ పరీక్షను కనీసం ఇరవైసార్లు చేయండి, మొదటి పదిసార్లు ఏ తేడా రాక పదకొండోసారి బయటపడిన సందర్భం నాకు తెలుసు.